మెరైన్ ట్యాంకులో మీరు వేయని జీవి కనిపించిందా? అదేంటో గుర్తుపట్టడం ఇలా

ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. మీరు కొనని, మీరు వేయని జీవి ఏదో అద్దం మీద పాకుతూ కనిపిస్తుంది. లేదా అర్ధరాత్రి హాల్లో లైటు వేయగానే రాతి కంతలోంచి బయటికి చాచిన సన్నని శరీరం ఒకటి చటుక్కున లోపలికి వెళ్లిపోతుంది. చేపలకి ఏమైనా అవుతుందా, పగడాలని తినేస్తుందా అని గాభరా మొదలవుతుంది. షాపులో అడిగితే చాలాసార్లు ఏదో ఒక మందు చేతిలో పెడతారు.

ఆ మందు పోయకముందే ఒకసారి ఆగండి. ఇలా రాళ్లతో, పగడాలతో కలిసి వచ్చేసే జీవుల్లో ఎక్కువ భాగం హాని చేయనివి. మిగిలిపోయిన మేత, చేపల రెట్ట, చచ్చిన నాచు తిని ట్యాంకుని నిలబెట్టేవి కూడా అవే. నిజంగా భయపడాల్సినవి కొన్నే ఉన్నాయి. వాటిని వేరు చేసి చూడటం వస్తే చాలు. దానికి జీవశాస్త్రం డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి. చూడటానికి ఎంత వికారంగా ఉందన్నది పక్కన పెట్టి, అది ఏం చేస్తోందో చూడాలి. ఈ ఒక్క అలవాటు పడితే అనవసరంగా చంపేసే జీవుల సంఖ్య చాలా తగ్గిపోతుంది.

ముందు, ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి

ట్యాంకులోకి చివరగా ఏం వేశారు? సగం జవాబు అందులోనే ఉంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్లకి ఫ్లోరిడా తీరంలో సముద్రం అడుగున రాళ్లు పేర్చి, ఏళ్లపాటు ఉంచి, జీవాలు పట్టాక అమ్మే లైవ్ రాక్ దొరుకుతుంది. అలాంటి రాయి ఒక్కటి తెస్తే దానితో పాటు పీతలు, పురుగులు, నత్తలు, స్పాంజీలు అన్నీ వస్తాయి. మన దేశంలో పరిస్థితి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రీఫ్ కట్టే పగడాలన్నిటినీ 2001లో షెడ్యూల్ 1లో చేర్చారు. సముద్రం నుంచి పగడపు రాయి తీయడం, అమ్మడం నేరం. మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చాం అని ఎవరైనా రాయి చూపిస్తే కొనకండి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ట్యాంకు పెట్టేవాళ్లకి డ్రై రాక్, అంటే జీవాలేవీ లేని పొడి రాయి, సరైన దారి.

డ్రై రాక్‌తో మొదలుపెట్టినా కొత్త జీవులు వస్తాయి. ఇంకొకరి ట్యాంకులో పెరిగిన పగడం ముక్క, అంటే ఫ్రాగ్, దాన్ని అతికించిన చిన్న దిమ్మ, అంటే ప్లగ్, ఫిల్టర్ కోసం తెచ్చుకునే కీటో నాచు ముద్ద, నత్త గుల్ల, ఆఖరికి చేప వచ్చిన సంచిలోని నీళ్లు, ఇవన్నీ దారులే. నాచు ముద్దతో వచ్చింది అంటే అది చాలావరకు ఆంఫిపాడో, కోపిపాడో, బ్రిసిల్‌వర్మో అయి ఉంటుంది, ఇవేంటో కింద చెబుతాను. అక్రోపొరా అనే కొమ్మల పగడం ఫ్రాగ్ వేసిన కొన్ని వారాలకి ఆ పగడం రంగు పోతుంటే మాత్రం వెతకాల్సింది వేరే జాబితా.

చూడటానికి ఏర్పాట్లు

ట్యాంకు లైట్లు ఆరిన గంట, రెండు గంటల తర్వాత చూడండి. ఈ జీవుల్లో చాలావాటికి అదే తిరిగే సమయం. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మూడు పొరలు చుట్టండి. చాలా జలచరాలకి ఎరుపు వెలుగు సరిగ్గా కనపడదు కాబట్టి పారిపోవు. చూడాలనుకున్న రాయి దగ్గర చిన్న రొయ్య ముక్క పెట్టి పావుగంట ఆగితే దాక్కున్నవి కూడా బయటికి వస్తాయి.

ఫోటో తీయాలంటే నీళ్లని తిప్పే ఫ్లో పంపు ఐదు నిమిషాలు ఆపండి. మళ్లీ వేయడానికి ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఇది మర్చిపోతే చేపల ప్రాణం మీదికి వస్తుంది. లెన్సుని అద్దానికి ఏటవాలుగా కాకుండా నేరుగా ఆనించండి. ఫోటో కంటే 20 సెకన్ల వీడియో ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ కదలికే అసలు ఆధారం. పక్కన ఒక స్కేలు ఆనించి ఒక్క ఫోటో తీస్తే సైజు విషయంలో మన భయం చేసే మోసం తగ్గుతుంది.

పట్టి చూడాలంటే సూది లేని పెద్ద సిరంజి, తెల్లటి ప్లాస్టిక్ గిన్నె, నగల షాపుల్లో వాడే 10ఎక్స్ లూప్, అంటే చిన్న భూతద్దం, ఉంటే సరిపోతుంది. గిన్నెలో ట్యాంకు నీళ్లే పోయండి. కుళాయి నీళ్లు పోస్తే జీవి నిమిషాల్లో చచ్చి, ముడుచుకుపోయి గుర్తుపట్టడానికి వీలు లేకుండా పోతుంది.

ఇప్పుడు ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడ కనిపించింది, అద్దం మీదా, ఇసుకలోనా, రాతి కంతలోనా, పగడం మీదా? పగలా రాత్రా? గెంతుతోందా, జారుతోందా, ఈదుతోందా, ఒకచోటే అతుక్కుని ఉందా? కాళ్లు, గుల్ల, కణుపులు ఉన్నాయా? ముట్టుకుంటే ఏం చేసింది? చివరగా, అది కనిపించిన చోట ఏదైనా పాడైందా? ఈ ఆఖరి ప్రశ్నకి "లేదు" అని జవాబు వస్తే మీకు బోలెడు టైముందని అర్థం.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగొద్దు. చేప ఒంటికి ఏదైనా పట్టుకుని వేలాడుతుంటే వెంటనే పని మొదలుపెట్టాలి. దాని సంగతి కింద చెబుతాను.

అద్దం మీద కనిపించే చుక్కలు

తెల్లటి చుక్కలు కుదుపుగా, ఆగి ఆగి గెంతుతుంటే అవి కోపిపాడ్లు. సాధారణంగా 2 మిల్లీమీటర్లకి మించవు. లూప్‌లో చూస్తే ముందు భాగం వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది. ఆడదానికి వెనక గుడ్ల సంచి కనిపిస్తుంది. ఇవి పెరుగుతున్నాయంటే సంతోషించండి. మాండరిన్ లాంటి చేపలు బతికేదే వీటి మీద, చాలామంది వీటిని డబ్బు పెట్టి సీసాల్లో కొనుక్కుంటారు.

గెంతకుండా సాఫీగా జారుతూ పోతే అది ఫ్లాట్‌వర్మ్. కదలకుండా అద్దానికి, పంపుకి అతుక్కుని, సుడి తిరిగిన 1, 2 మిల్లీమీటర్ల తెల్ల గుల్ల అయితే స్పైరార్బిడ్ పురుగు. నీళ్లని వడకట్టి తింటుంది, ఏ హానీ లేదు. చుట్టూ తీగల్లాంటి సన్నని టెంటకిల్స్ పరుచుకుని అద్దానికి అతుక్కుని, కదిపితే తటాలున ఎగిరి మళ్లీ అతుక్కునేది అతి చిన్న జెల్లీఫిష్. కొత్త ట్యాంకుల్లో ఒక్కసారిగా వందల్లో కనిపించి, కొన్నాళ్లకి వాటంతట అవే తగ్గిపోతాయి.

కాళ్లున్న చిన్నవి: పక్కల నుంచి నొక్కినట్టా, పైనుంచి నొక్కినట్టా?

ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. శరీరం పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా, వీపు వంగి ఉండి, రాయి మీద పక్కకి పడుకుని పాకుతుంటే ఆంఫిపాడ్. ఒక సెంటీమీటరు దాకా పెరిగే రకాలూ ఉన్నాయి. నాచు, చెత్త తింటాయి. వదిలేయండి. చిన్న రొయ్య ఆకారంలో ఉండి, నీళ్లలో ఒకేచోట తేలుతూ, గుంపుగా ఒకే దిక్కుకి తిరిగి ఉండేవి మైసిడ్లు. వాటినీ వదిలేయండి.

పైనుంచి నొక్కినట్టు చదునుగా ఉంటే ఐసోపాడ్. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఐసోపాడ్లలో చాలా రకాలు మంచివే. మన్నిడ్ రకం 1, 2 మిల్లీమీటర్లే ఉంటుంది, కాళ్లు పొడుగు, కళ్లు తల పక్కలకి పొడుచుకుని వచ్చినట్టుంటాయి. స్ఫీరోమాటిడ్ రకం ముట్టుకుంటే గుండ్రంగా ముడుచుకుంటుంది. ఈ రెండూ చేపల జోలికి పోవు.

సిరోలానిడ్ మాత్రం చేప రక్తం తాగుతుంది. దానికి తల చుట్టూ వ్యాపించిన పెద్ద నల్లటి కళ్లుంటాయి. ముడుచుకోదు. ఈదితే వేగంగా, తిన్నగా పోతుంది. కడుపు నిండాక చేపని వదిలేసి ఇసుకలోకి దిగిపోతుంది, ఆ తర్వాత ఆహారం లేకుండా నెలల తరబడి ఉండగలదు. చేపకి పట్టుకుని ఉంటే చేపని తడి వలలో పట్టి, మొప్పలు తగలకుండా పట్టకారుతో ఐసోపాడ్‌ని తీసేయండి. ఒకటి దొరికిందంటే ఇంకా ఉన్నాయనే అనుకోవాలి. రాత్రిపూట రొయ్య ముక్క పెట్టిన ఉచ్చు వరసగా చాలా రోజులు పెట్టాలి. అవి పట్టుబడటం ఆగకపోతే చేపలని వేరే ట్యాంకులోకి మార్చి, ఈ ట్యాంకుని కొన్ని నెలలు చేపలు లేకుండా ఉంచడం తప్ప నాకు తెలిసిన నమ్మకమైన దారి లేదు.

పురుగులు: ఎక్కువ భయపెట్టేవి, ఎక్కువ మేలు చేసేవి

ఉప్పునీటి ట్యాంకుల్లో అన్యాయంగా చంపబడేది బ్రిసిల్‌వర్మ్. పొడుగ్గా, కణుపులు కణుపులుగా, రెండు పక్కలా కుచ్చులున్న ఆ ఆకారం చూడగానే మనకి జెర్రి గుర్తొస్తుంది. కానీ అది కుట్టడానికి మీ వెంట పడదు. లేత గులాబీ, నారింజ, బూడిద రంగుల్లో ఉండి, ప్రతి కణుపు దగ్గరా తెల్లటి నూగు ముళ్ల కుచ్చులుంటే అది మామూలు బ్రిసిల్‌వర్మ్. రాళ్ల మధ్య మన చెయ్యి దూరని చోట పడిపోయిన మేతని అది వెతికి తింటుంది. చచ్చిన నత్త మీద పది పురుగులు చేరితే అవే చంపాయనుకుంటారు. చాలావరకు నత్త ముందే చచ్చి ఉంటుంది, అవి శవాన్ని తీసేస్తున్నాయంతే. వాటి సంఖ్య బాగా పెరిగిందంటే మేత ఎక్కువ వేస్తున్నారని లెక్క. పురుగులని కాదు, మేతని తగ్గించండి.

వేరు చేసి చూడాల్సింది గడ్డం ఫైర్‌వర్మ్. దాని శాస్త్రీయ నామం హెర్మోడైస్ కరుంక్యులాటా. లావుగా ఉంటుంది, ముళ్ల కుచ్చులు దట్టంగా ఉంటాయి, వాటి పక్కనే కొమ్మలుగా చీలిన ఎర్రటి మొప్పలు కనిపిస్తాయి, తల మీద మడతలు పడిన కండ ఉంటుంది. పగడం కొమ్మ చివరిని నోట్లో పెట్టుకుని కండ తినేసి, తెల్లటి ఎముకలాంటి కొన వదిలి వెళ్తుంది. అట్లాంటిక్, కరీబియన్ వైపు రాళ్లతో వచ్చే అవకాశం ఎక్కువ. దీన్ని తీసేయాల్సిందే. ఏ రకమైనా ఉత్త చేత్తో పట్టుకోవద్దు. ముళ్లు చర్మంలో విరిగి మంట పుడుతుంది. అలా అయితే సెల్లోటేపు అంటించి లాగండి, తర్వాత వెనిగర్ రాయండి.

తలమీద ఐదు మీసాలు, మెరిసే ఒళ్లు, కంతలోంచి సగమే బయటికి వచ్చి నాచు లాక్కుని వెళ్లేది యూనిసిడ్ పురుగు. నాలుగైదు సెంటీమీటర్లది అయితే కంగారు అక్కర్లేదు, చాలా రాళ్లలో ఉంటాయి. పెద్దదైతే మాత్రం కథ మారుతుంది. 2009లో ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్, న్యూకీలో ఉన్న బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు తెగిపోతుంటే కారణం తెలియలేదు. చివరికి రాళ్లన్నీ విప్పి చూస్తే సుమారు 4 అడుగుల యూనిసిడ్ బయటపడింది. రోజూ జనం చూసే ట్యాంకులోనే అది అంతకాలం దాగి ఉంది. అందుకే ఎర్ర టార్చి పట్టుకుని రాత్రి చూడమని అంతగా చెబుతున్నాను.

పొడవాటి పారదర్శక దారాలు రాయి మీద పరిచి మెల్లగా లాక్కునేది స్పగెట్టీ వర్మ్. కణుపులు లేకుండా, ఏనుగు తొండంలాంటి మూతిని సాగదీసేది పీనట్ వర్మ్. గొట్టంలోంచి కిరీటం విప్పేది ఫెదర్ డస్టర్. వీటికి మీ జాగ్రత్త అక్కర్లేదు.

పగడాలని తినేవి

ఈ భాగం మాత్రం నిదానంగా చదవండి, ఎందుకంటే ఇవి మేసే పగడం రంగులోనే కలిసిపోతాయి. దొరికేది జీవి కాదు, అది వదిలిన గుర్తు.

అక్రోపొరా పగడం రంగు వెలిసిపోతూ, మొదలు దగ్గర గుండ్రటి చిన్న చిన్న లేత మచ్చలు కనిపిస్తే అక్రోపొరా తినే ఫ్లాట్‌వర్మ్ అని అనుమానించండి. సిరంజితో కొమ్మల మధ్య గట్టిగా నీళ్లు కొట్టి, కింద తెల్ల గిన్నె పెట్టండి. పారదర్శకంగా, చదునుగా ఉన్నవి ఊడిపడతాయి. గుడ్లు పగడం మొదట్లో, కండ లేని చోట, గోధుమ రంగు గుంపులుగా ఉంటాయి. ఈ పురుగుని అక్వేరియం పెంచేవాళ్లు ఎన్నో ఏళ్లు చూసి, పోరాడి, నష్టపోయిన తర్వాత గానీ శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టలేదు. అది జరిగింది 2011లో. సహజ సముద్రంలో, ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో కనుక్కున్నది ఆ తర్వాత. మాంటిపొరా అనే ఇంకో పగడాన్ని తినే తెల్లటి నూడిబ్రాంక్‌కి, అంటే గుల్ల లేని సముద్రపు నత్తకి కూడా అంతే, 2020లో ఫెస్టిల్లా సబొడియోసా అని పేరు వచ్చింది. ఇంటి ట్యాంకు ముందు కూర్చుని జాగ్రత్తగా చూసేవాళ్ల చూపుకి విలువ ఉందని నేను నమ్మడానికి ఈ రెండూ కారణాలు.

ఆ నూడిబ్రాంక్ కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, వీపు మీద తెల్లటి వేళ్లలాంటివి పొడుచుకుని ఉంటాయి. పళ్లెంలా పెరిగే మాంటిపొరా అంచు తెల్లబడుతుంటే పళ్లెం అడుగు భాగం చూడండి, పైన వెతికితే దొరకదు. బొత్తాల్లా గుంపుగా పెరిగే జోవాంతిడ్లు విచ్చుకోకుండా ముడుచుకునే ఉంటే వాటి కాడల మధ్య అదే రంగులో ఉన్న నూడిబ్రాంక్ కోసం, నలుపు తెలుపు గళ్లున్న చదునైన సుడి గుల్ల, అంటే సన్‌డయల్ నత్త కోసం వెతకండి. అక్రోపొరా కొమ్మ మీద అర మిల్లీమీటరు పసుపు చుక్కలు, ఒక్కోదానిలో ఎర్ర మచ్చ కనిపిస్తే అవి రెడ్ బగ్స్. ఇవి కూడా ఒక రకం కోపిపాడ్లే. లూప్ లేకుండా కనపడవు.

తుప్పు రంగులో, తోక చివర మూడు పాయలుగా చీలి, ఇసుక మీద, పగడాల మీద వెలుగు తగిలే చోట పరుచుకునేది రెడ్ ప్లనేరియా. ఇది పగడాన్ని కొరకదు, కానీ కప్పేసి వెలుతురు అందనివ్వదు. అసలు ప్రమాదం మనం మందు వేసినప్పుడు వస్తుంది. వేల పురుగులు ఒకేసారి చచ్చి విషం వదిలితే చేపలు పోతాయి. కాబట్టి ముందు సన్నని పైపుతో కొన్ని రోజులపాటు లాగేయండి. సంఖ్య బాగా తగ్గాక, ఫ్లాట్‌వర్మ్ ఎగ్జిట్ లాంటి మందు వాడితే, విషాన్ని పీల్చే తాజా కార్బన్, నీళ్లు మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్లు పక్కనే సిద్ధంగా పెట్టుకోండి. సిక్స్‌లైన్ రాస్ చేప కొన్ని ట్యాంకుల్లో వీటిని తింటుంది, కొన్నిట్లో ముట్టుకోదు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

నత్తలు, తారలు

5 మిల్లీమీటర్ల లోపు గుండ్రటి తెల్ల నత్తలు రాత్రి అద్దం మీద కనిపిస్తే కొలోనిస్టాలు. వీపు మీద చెవి ఆకారపు చిన్న గుల్ల ఉండి, ఒళ్లంతా బయటే ఉన్న నత్త స్టొమటెల్లా. ముట్టుకుంటే తోక వదిలేస్తుంది. రెండూ నాచు తినేవే. ఎనిమిది పలకలున్న చదునైన జీవి కైటన్, అదీ మంచిదే.

సన్నగా, పొడుగ్గా, శంకువు ఆకారంలో ఉన్న 2, 3 మిల్లీమీటర్ల తెల్ల నత్తలు ఇంకో నత్త గుల్ల అంచునో, ట్రిడాక్నా క్లామ్ అనే పెద్ద ఆల్చిప్ప అంచునో గుంపుగా ఉంటే అవి పిరమిడెల్లిడ్లు. రసం పీల్చే పరాన్నజీవులు. రాత్రే బయటికి వస్తాయి. పళ్లు తోముకునే మెత్తటి బ్రష్‌తో తోసేస్తూ ఉండాలి.

రాయికి సిమెంటు చేసినట్టు అంటుకున్న గట్టి గొట్టంలోంచి జిగురు దారాలు వల పన్నినట్టు తేలుతుంటే అది వెర్మెటిడ్ నత్త. ఫెదర్ డస్టర్ గొట్టం మెత్తగా ఉంటుంది, కిరీటం ఉంటుంది. దీనికి కిరీటం ఉండదు, దారాలే ఉంటాయి. ఆ జిగురు పగడాల మీద పడితే అవి విచ్చుకోవు. వీటి వల్ల పగడాల ఎదుగుదల తగ్గుతుందని ఫ్రెంచ్ పాలినేషియాలోని మూరియా దీవి దగ్గర చేసిన పరిశోధనలో కూడా తేలింది. గొట్టం విరిచి, మూతి మీద సూపర్ గ్లూ జెల్ చుక్క వేయండి.

గోరంత కూడా లేని బూడిద రంగు తార, చేతులు ఒకటి పొట్టి ఒకటి పొడుగుగా ఉంటే అది ఆస్టెరినా. రెండుగా చీలి పెరుగుతుంది కాబట్టే ఆ కొలతల తేడా. దీని గురించి అభిప్రాయాలు రకరకాలు. నా మాట అడిగితే, పగడం మీద కూర్చున్న చోట తెల్ల మచ్చ పడటం మీ కళ్లతో చూస్తేనే తీయండి, లేకపోతే వద్దు. వీటిని తినే హార్లెక్విన్ రొయ్యని కొందరు తెస్తారు. అది తారలు తప్ప ఇంకేమీ తినదు. తారలు అయిపోయాక ఆకలితో చస్తుంది. తర్వాత దాన్ని పోషించే ఏర్పాటు లేకుండా తేవడం సరైన పని కాదు.

కంతల్లోంచి సన్నని చారల చేతులు మాత్రమే కనిపిస్తుంటే అవి బుల్లి బ్రిటిల్ స్టార్లు. చాలావాటికి ఆరు చేతులుంటాయి. ఎన్ని ఉంటే అంత మంచిది.

పీతలు, టక్కుమనే శబ్దాలు

పీత దొరికితే డెక్కల కొనలు చూడండి. చెంచాలా గుంటగా ఉంటే నాచు గీరుకుని తినే రకం. సూదిగా, నల్లగా ఉండి ఒళ్లంతా వెంట్రుకలుంటే మాంసం తినే జాంతిడ్ పీత. చిన్నగా ఉన్నప్పుడే తీసేయడం తేలిక. అక్రోపొరా, పోసిలొపొరా కొమ్మల మధ్య నున్నగా, చదునుగా ఉన్న పీత కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకండి. ట్రపీజియా, టెట్రాలియా పీతలు ఆ పగడాన్నే ఇల్లు చేసుకుని శత్రువుల నుంచి కాపాడతాయి.

రాత్రి అద్దం మీద గోరుతో కొట్టినట్టు టక్ టక్ వినిపిస్తే రెండిట్లో ఒకటి. ఒక డెక్క మరీ పెద్దదిగా ఉంటే పిస్టల్ రొయ్య. గోబీ చేపతో స్నేహంగా ఉండేది, ఉంచుకోవచ్చు. కాడల మీద విడివిడిగా తిరిగే కళ్లు, మడిచి పెట్టుకున్న ముందు కాళ్లు ఉంటే మాంటిస్ రొయ్య. నత్తలు, పీతలు వరసగా మాయమవుతుంటే ఇదే. తీసేయాలి, కానీ చంపక్కర్లేదు. విడిగా చిన్న ట్యాంకులో దీన్ని ముచ్చటగా పెంచుకునేవాళ్లున్నారు.

కదలనివి

గోధుమ రంగు, పొడుగు కాడ, సన్నని కొనదేలిన టెంటకిల్స్, నీడ పడగానే కంతలోకి మాయం: ఇది ఐప్టేసియా అనే సీ అనెమోన్. పొట్టి టెంటకిల్స్, కొనలు బొడిపెలుగా ఉంటే మజానో అనే ఇంకో అనెమోన్. రెండూ పగడాలని కుడతాయి. ఐప్టేసియాని గీకకండి, కత్తిరించకండి. చిన్న ముక్క మిగిలినా కొత్తది పుడుతుంది. అక్వేరియంకి అమ్మే కాల్షియం హైడ్రాక్సైడ్‌ని చిక్కని పేస్టుగా కలిపి, పంపు ఆపి, సిరంజితో దాని నోటి మీద మెల్లగా వదలండి. ఒక రోజులో రెండు మూడిటికి మించి చేయకండి, నీటి పిహెచ్ ఎగబాకుతుంది. ఇదీ సున్నమే కదా అని కిళ్లీ సున్నం వాడొద్దు, అందులో సువాసన పదార్థాలు కలిసి ఉండొచ్చు. సంఖ్య ఎక్కువగా ఉంటే పెప్పర్‌మింట్ రొయ్య, లేదా ఐప్టేసియా తప్ప మరేదీ తినని బెర్గియా నూడిబ్రాంక్ మంచి ఉపాయం.

తీయాల్సి వస్తే

ప్లాస్టిక్ సీసా పై భాగం కోసి, మూతి లోపలికి ఉండేలా తిప్పి పెట్టి, లోపల రొయ్య ముక్క వేసి రాత్రి ఇసుక మీద పడుకోబెట్టండి. పొద్దున్నే తీసేయండి, మేత కుళ్లనివ్వొద్దు. పగడాలు లేని రాయిలో పీతో మాంటిసో ఉందని తెలిస్తే, మామూలు 1.025 బదులు 1.035 నుంచి 1.040 స్పెసిఫిక్ గ్రావిటీకి (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) కలిపిన ఉప్పునీటి బకెట్‌లో రాయిని కొన్ని నిమిషాలు ముంచండి. కంతల్లో ఉన్నవి బయటికి వచ్చేస్తాయి.

రాయిని ఎట్టి పరిస్థితిలోనూ వేడినీళ్లలో మరిగించవద్దు. దాని మీద జోవాంతిడ్లు, వాటి బంధువు పాలితోవా ఉంటే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు గాలిలో కలుస్తుంది. 2018లో ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ట్యాంకు శుభ్రం చేస్తుండగా ఒక కుటుంబం మొత్తం దీని వల్ల ఆసుపత్రి పాలైంది. అలాంటి రాయిని పొడిగా గీకడం, బ్రష్‌తో రుద్దడం కూడా వద్దు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పని అయ్యాక జ్వరం, ఆయాసం, నోట్లో లోహపు రుచి వస్తే డాక్టర్‌కి పాలిటాక్సిన్ అని పేరు చెప్పి మరీ చూపించుకోండి.

మళ్లీ రాకుండా

కొత్త ఫ్రాగ్ రాగానే ప్లగ్ నుంచి విడదీసి, ప్లగ్‌ని పారేయండి. గుడ్లు, వెర్మెటిడ్లు, ఐప్టేసియా ఎక్కువగా ఉండేది దాని మీదే. ఫ్రాగ్‌ని కోరల్ డిప్‌లో, అంటే పురుగులని చంపే మందు నీళ్లలో, సీసా మీద చెప్పినంతసేపు ఉంచి, సిరంజితో నీళ్లు కొట్టి, గిన్నె అడుగున ఏం రాలిందో లూప్‌తో చూడండి. డిప్ పురుగులని చంపుతుంది గానీ గుడ్లని చంపదు. అక్రోపొరా ఫ్లాట్‌వర్మ్ గుడ్లు పొదగడానికి మూడు వారాల దాకా పట్టొచ్చు. అందుకే వేరే చిన్న ట్యాంకులో కనీసం ఆరు వారాలు ఉంచి, వారానికోసారి డిప్ చేస్తూ, గుడ్లు కనిపించిన చోట బ్లేడుతో గీకుతూ ఉండాలి. ఆ ట్యాంకుకి పగడం బతకడానికి సరిపడా లైటు, ఒక చిన్న పంపు, హీటర్ చాలు.

పట్టుకున్న జీవులని, ఆ నీళ్లని మాత్రం సముద్రంలో గానీ కాలువలో గానీ వదలకండి. 1984లో మొనాకో తీరంలో చిన్న మడిగా కనిపించిన కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు, ఆ తర్వాత మధ్యధరా సముద్రంలో వేల ఎకరాలకి పాకింది. పీత, మాంటిస్ రొయ్య అయితే సంప్‌లో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో, ఒక రాయి, కొంచెం నాచు వేసి చోటిస్తే అక్కడే బతుకుతాయి. సంప్ లేనివాళ్లు వేరే చిన్న ట్యాంకు పెట్టొచ్చు, లేదా పెంచుకోవాలని ఆసక్తి ఉన్నవాళ్లకి ఇవ్వొచ్చు. పరాన్నజీవులు, ఐప్టేసియా, పగడం తినే పురుగులు ఉన్న నీళ్లని బ్లీచింగ్ కలిపి ఒక రాత్రి ఉంచాకే పారబోయండి.